మూగ టీవీ ఖాలా

ఖాలా చనిపోయిందన్న కబురు అందినప్పుడు నేను కోడిపిల్లలా కూస్తున్నాను. హైదరాబాదులో, గాలి చొరబడని చిన్న గదిలో, మైకు ముందు నిలబడి. నా ఉద్యోగమే అది. పిల్లల కార్టూన్లకు తెలుగులో గొంతిస్తాను. తెర మీద కోడిపిల్ల నోరు తెరిస్తే నేనూ తెరవాలి, అది మూస్తే నేనూ మూయాలి. విరామంలో ఫోను చూసుకుంటే భూపాలపల్లి నుంచి ఖాలా చెల్లెలి కొడుకు పంపిన సందేశం ఉంది. "ఖాలా పొద్దుగాల పోయింది. లంబాడి పిల్లకు చెప్పుమన్నది. నువ్వే గదా?"

నేనే. ఆ రోజు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మానుకోటలో ఇప్పటికీ శాలువాలు కప్పించుకుంటున్న ఒక మనిషి మీద పాత కోపం అడుగు నుంచి లేచి గొంతులోకి వచ్చింది. విరామం అయ్యాక కోడిపిల్ల కూత కాస్త కరుకుగా వచ్చిందని మళ్లీ చేయించారు.

ఖాలా పేరు నాకు తెలుసు, కానీ రాయను. బజారులో ఆమెను పేరుతో పిలిచిన వాళ్లెవరూ లేరు. హిందువుల పిల్లలకూ, ముస్లింల పిల్లలకూ, మా తండా పిల్లలకూ అందరికీ ఆమె ఖాలాయే, అంటే పిన్నమ్మే. ఆ రెండో మనిషి పేరు కూడా రాయను. అక్కడ కారణం వేరు. తన పేరు అచ్చులో చూసుకోవడమంటే ఆయనకు మహా ఇష్టం. ఆ ముచ్చట నా చేతుల మీదుగా తీరడం నాకిష్టం లేదు.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడ బస్టాండు ఎదురు సందులో ఉండేది ఖాలా దుకాణం. బొమ్మల బ్యాగులు, బొమ్మల టిఫిన్ బాక్సులు, నొక్కితే గొట్టం లేచే నీళ్ల సీసాలు, అయస్కాంతం మూత ఉన్న కంపాస్ పెట్టెలు, నడిస్తే కీచుమనే చెప్పులు, స్టిక్కర్లు. టీవీలో వచ్చే ప్రతి పిల్లీ, ప్రతి ఎలుకా, ఎగిరే ప్రతి పిల్లవాడూ అక్కడ ఏదో ఒక దాని మీద ఉండేవాళ్లు. గుమ్మంలో అడుగు పెట్టగానే కొత్త రెక్సిన్ వాసన ముక్కుకు తగిలేది. ఇవాళ ఏ పెద్ద దుకాణంలోనైనా ఆ వాసన వస్తే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

సరుకులో సగం అచ్చు తప్పిందే. పిల్లి కన్ను చెంప మీదికి జారి ఉండేది, కుక్క నాలుక దాని చెవి దగ్గర ఉండేది. పెద్దవాళ్లు వంక పెడితే ఖాలా తడుముకునేది కాదు. "గీ పిల్లి జర పక్కకు చూస్తది. నీ కొడుకు కాపీ కొడుతుంటె ఎవలన్న వస్తున్నరేమో అని చూస్తది. తీస్కపో" అనేది.

మనిషి పొట్టి. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, కళ్లద్దాలకు నల్లదారం కట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేది. వీపు గోక్కోవడానికి అడుగు స్కేలు వాడేది. ఎవరైనా పిల్లకు బ్యాగు కొనడానికి వస్తే ముందు బొమ్మ చూపించేది కాదు. బల్ల కింద రెండు ఇటుకలు ఉండేవి. వాటిని బ్యాగులో వేసి, పిల్ల వీపుకు తగిలించి, "పో, సందు చివరిదాంక పోయి రా" అని పంపేది. పిల్ల వంగిపోయి తిరిగొస్తే ఆ బ్యాగు లోపల పెట్టేసేది. "బొమ్మ చూసి కాదు నాయిన, భుజం చూసి కొనాలె" అని తండ్రికి చెప్పేది. ఏడ్చి పొర్లినా ఇచ్చేది కాదు. మా సందులో ఇటుకలు మోస్తూ నడిచే పిల్లలను చూసి కొత్తవాళ్లు ఆగి అడిగేవారు, ఇక్కడ ఇల్లేమైనా కడుతున్నారా అని.

దుకాణంలో ఒక పాత టీవీ ఉండేది. మాది నర్సింహులపేట దగ్గరి తండా. బడి నాలుగున్నరకు వదిలితే మా బస్సు అయిదున్నరకు. ఆ గంటసేపు నేనూ, నాలాంటి ఊళ్ల పిల్లలం కొందరం ఖాలా దుకాణం నేల మీద కూర్చుని కార్టూన్లు చూసేవాళ్లం. ఒకరోజు ఏదో అడవి కథ వస్తోంది. సింహం, కుందేలు, నక్క అన్నీ "ఏవండీ, ఇలా రండి" అని మర్యాదగా మాట్లాడుతున్నాయి. బరువులు మోసి తన్నులు తినే గాడిద ఒక్కటే "నాకు గదేం ఎర్కలే, నన్నెందుకు కొడ్తున్నరు" అంటోంది. మేం పడీ పడీ నవ్వుతున్నాం. నేను కూడా.

ఖాలా స్టూలు మీద నుంచి అడిగింది. "ఎందుకు నవ్వుతున్నరు?"

"గాడిద మాట్లాడుతుంది ఖాలా" అన్నాడొక పిల్లవాడు.

"ఎవల లెక్క మాట్లాడుతుంది?"

ఆ పిల్లవాడే నెమ్మదిగా "నీ లెక్క" అన్నాడు.

ఖాలా లేచింది. సరుకు మూటల తాళ్లు కోసే కత్తెర తీసుకుంది. టీవీ వెనక్కి వెళ్లి, కళ్లద్దాలు సర్దుకుని, స్పీకరు వైరును పుటుక్కున కత్తిరించింది. గాడిద నోరు ఆడుతూనే ఉంది, మాట లేదు. "ఇగ మాట్లాడుమను" అని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

మరుసటి రోజు నుంచి ఆ టీవీకి ఖాలాయే గొంతు. సింహం మా బజారు భాషలో తీర్పు చెప్పేది. గాడిద సర్పంచయింది. కుందేలు దక్కనీ ఉర్దూలో తిట్టేది. దొంగలూ మోసగాళ్లూ మాత్రం "ఏవండీ" అనేవారు. ఆ పాత్రల అసలు కథ ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు. పెద్దవాళ్లెవరైనా వచ్చి శబ్దం రావడం లేదేమని అడిగితే, "దానికి గొంతునొప్పి, దవాఖానకు పంపాలె" అనేది.

అది ఆటగా మొదలై ఆమె చేతిలో ఆయుధమైంది. ఖాలా ఎవరితోనూ ఎదురుబడి తగాదా పెట్టుకోదు. ఎవరైనా ఆమెను అవమానిస్తే, వాళ్ల నోటి మాటను పట్టుకొచ్చి మర్నాడు తెర మీద ఏ జంతువు నోట్లోనో పెట్టేది. బెజవాడ నుంచి సరుకు పంపే ఏజెంటు ఒకసారి ఫోనులో "మీ మాట అర్థం కావట్లేదమ్మా, కొంచెం తెలుగులో చెప్పండి" అన్నాడట. ఇక నెల రోజులు మా మొసలికి అదే పాట. కప్ప దాని తోక తొక్కి క్షమాపణ అడిగితే "కొంచెం తెలుగులో చెప్పండి" అనేది. కొంగ దాని పళ్లలో ముల్లు తీస్తానంటే "కొంచెం తెలుగులో చెప్పండి" అని ముల్లుతోనే ఉండిపోయేది. ఆ ఏజెంటు సరుకుతో స్వయంగా వచ్చినరోజు పిల్లలందరూ ఒక్కసారి ఆ మాట అన్నారు. ఖాలా తెప్పించిన చాయ్ తాగకుండానే ఆయన వెళ్లాడు. ఆ తర్వాత ఫోనులో ఆమె ఏమన్నా ఆయనకు అర్థమైంది.

దానికి ఆమె పెట్టుకున్న షరతు ఒకటి ఉంది. "ఆళ్లు అన్న మాటనే ఆళ్లకియ్యాలె బేటీ. మనది ఒక్క ముక్క కలిపినా గది చాడీ అయితది" అనేది. కోపం ఎంత ఉన్నా ఒక్క మాట ఎక్కువ వేసేది కాదు. నేను నేర్చుకున్న చదువంతటిలో ఇవాళ్టికీ పనికొస్తున్నది ఇదే.

ఇప్పుడు ఆ రెండో మనిషి సంగతి. మా బడిలో తెలుగు సారు. ఆయనేమీ కోస్తా నుంచి రాలేదు. దంతాలపల్లి వైపు మనిషే. పాన్‌డబ్బా దగ్గర మా అందరిలాగే మాట్లాడేవాడు. తరగతి గుమ్మం దాటగానే గొంతు మారేది, సినిమా డాక్టరులా. మొదటివారమే హోంవర్క్ ఏదని అడిగితే నేను "ఇంటికాడ మర్శిపోయిన సార్" అన్నాను. ఆయన వేలితో ఆవరణలో ఉన్న కుళాయి చూపించాడు.

"నోరు పుక్కిలించి రా. తర్వాత మాట్లాడు."

మూడుసార్లు పుక్కిలించి, వచ్చి, "మర్చిపోయానండీ" అనాలి. అది ఆ ఒక్కరోజుతో అయిపోలేదు. "గిట్ల" అంటే కుళాయి. "ఏడికి" అంటే కుళాయి. ఇంట్లో మాట్లాడే గోర్‌బోలి ముక్క పొరపాటున దొర్లిందా, మూడు కాదు ఆరు పుక్కిళ్లు. చలికాలంలో పళ్లు జివ్వుమనేవి. గౌను మెడ పట్టీ రోజూ తడిసే ఉండేది. మిగతా పిల్లలను వారానికోసారి పంపితే తండా పిల్లలం ఇద్దరం రోజూ వెళ్లేవాళ్లం. నేను మాట్లాడడమే తగ్గించేశాను. అవసరమైన మాట ముందు మనసులో కడుక్కుని అప్పుడు బయట పెట్టేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లకు తన నోరు తనకే అసహ్యమయ్యేలా చేశాడాయన. దీన్ని నేను క్షమించలేదు. ఇక ముందూ క్షమించను.

ఖాలా ఆ తడి చూసింది. "రోజు మూతి కింద తడి ఉంటదేంది బేటీ? నీళ్ల సీసా మూత ఊడిందా? వేరేది ఇస్త" అంది. ఏడుపొచ్చేసింది. జరిగినదంతా చెప్పాను. ఒక్క అబద్ధంతో. ఎవరు పంపుతున్నారని అడిగితే, "లెక్కల మేడం" అన్నాను.

ఎందుకన్నానంటే, ఆ బడిలో నాకు సీటు ఇప్పించింది తెలుగు సారే. మా బాపు ప్రతి పంటకూ ఆయన ఇంటికి కందులు మోసుకెళ్లి, గుమ్మం బయట నిలబడి దండం పెట్టి వచ్చేవాడు. సారు పేరు బయటికొస్తే సీటు పోతుంది, మళ్లీ తండా, మళ్లీ పత్తి చేను. లెక్కల మేడందేముంది, ఆమె కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. అప్పటికే ఊరంతా రాష్ట్రం కోసం జెండాలు, నినాదాలు. ఆమె మీద వేస్తే ఎవరైనా నమ్ముతారని తొమ్మిదేళ్లకే నాకు తెలుసు. ఖాలా కూడా నమ్మింది.

"ఆమె ఊకె ఏమంటది?"

"అమ్మలూ, మళ్లీ చెప్పనా? అంటది." అది మాత్రం నిజమే. లెక్క అర్థం కాని పిల్ల పక్కన కూర్చుని మేడం ఎన్నిసార్లయినా అలాగే అడిగేది.

మర్నాటి నుంచి తెర మీద మంత్రగత్తె గొంతు మారింది. కుందేళ్లను కుండలో ఉడకబెడుతూ, గరిటె తిప్పుతూ "అమ్మలూ, మళ్లీ చెప్పనా?" అని తియ్యగా సాగదీసేది. వారం రోజుల్లో బడిలో మేడం ఆ మాట అనగానే వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు. నేను తల వంచుకుని కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం మేడం దుకాణానికి వచ్చింది. వేలాడే బ్యాగుల వెనక్కి జారుకున్నాను. ఆమె పిల్లల వెనుక నిలబడి నవ్వుతూ టీవీ చూసింది. మంత్రగత్తె గరిటె తిప్పింది. "అమ్మలూ, మళ్లీ చెప్పనా?" పిల్లలు వెనక్కి తిరిగి ఆమెను చూసి ఘొల్లుమన్నారు. ఆమె ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. ఆ నవ్వుతోనే ఖాలాను అడిగింది.

"ఒక కంపాస్ బాక్సు కావాలండీ. మా క్లాసులో తండా నుంచి వచ్చే అమ్మాయి ఉంది, లెక్కల్లో ఫస్టు వచ్చింది. మాట్లాడదు, చాలా భయస్తురాలు. తనకేది నచ్చుతుందో మీకేమైనా తెలుసా?"

ఖాలా అచ్చు తప్పని పెట్టె ఒకటి వెతికి ఇచ్చింది. ఆమె వెళ్లాక నేరుగా బ్యాగుల దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

"గీ తడి ఆమెది కాదు. ఎవలది?"

చెప్పేశాను. సీటు సంగతీ, బాపు కందుల సంగతీ కూడా. ఖాలా కొట్టలేదు. కొడితే బాగుండేది. స్టూలు మీద కూర్చుని స్కేలు చేతిలో తిప్పింది.

"పగ సరైన ఇంటికి పోవాలె బేటీ. పక్కింటి తలుపు కొట్టినం మనం. నా నోటితోని కొట్టించినవ్."

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని మేడం అద్దె గదికి వెళ్లింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. "మేడం, నువ్వు మంచి మాటంటె నేను దాన్ని దయ్యం నోట్ల పెట్టిన. తప్పు నాది. మాఫ్ చెయ్యి" అంది. నా పేరు ఎత్తలేదు. మేడం "ఈ రోజుల్లో మాకిలాంటివి అలవాటేనండీ" అంది. తర్వాత, "పిల్లలు నవ్వారు చూడండి, అదొక్కటే..." అని ఆగి చాయ్ పెట్టడానికి లేచింది. మర్నాడు తరగతిలో కంపాస్ పెట్టె నా చేతిలో పెట్టింది. దాన్ని నేను ఎన్నడూ వాడలేదు. ఇంకా ఉంది నా దగ్గర.

సారు గురించి ఖాలా నాకు మాటిచ్చింది. "నువ్వు చెప్పిందాంక ఆని జోలికి పోను. సీటు నీది, భయం నీది. నువ్వు అన్ననాడే అంట." ఆ మాట మీద ఏడాదికి పైగా నిలబడింది. రోజూ నా మెడ పట్టీ తడి చూసేది, తువ్వాలు ఇచ్చేది, అంతే.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. వారాల తరబడి మానుకోట రోడ్డు మీదే ఉంది. ఖాలా కూడా మహిళలతో కలిసి నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి బగారన్నం వండి ఉద్యమానికొచ్చిన పిల్లలందరికీ వడ్డించింది. మా బాపు పనుల్లేక దొరికిన ఆటోలో టౌనుకు వచ్చి శిబిరంలో కూర్చునేవాడు, నేనూ వెంట వచ్చేదాన్ని. ఒకరోజు ఆ టెంటు కింద మైకు పట్టుకుని లేచిన మనిషి మా తెలుగు సారు. మెడలో కండువా. స్థానిక కమిటీకి ఆయనే పెద్ద.

"మన యాసను ఎక్కిరించిన్రు! మన అవ్వ మాటను ఆళ్లు గాడిదల నోట్ల పెట్టిన్రు! మన నాలుక మీద మనకే సిగ్గు పుట్టించిన్రు!" అని గర్జించాడు. జనం చప్పట్లు. మా బాపు కూడా కొట్టాడు. నా పళ్లు జివ్వుమన్నాయి, కుళాయి దగ్గర నిలబడినట్టు.

అక్కడి నుంచి నేరుగా ఖాలా దగ్గరికి పరుగెత్తాను. "ఖాలా, ఇగ అను" అన్నాను.

"సీటు?"

"పోతె పోనియ్యి."

ఖాలా అన్నది. తోక తెగిన నక్క ఒకటి కోడిపిల్లలకు పాఠం చెప్పే కార్టూన్ అది. కోడిపిల్ల "కొక్" అనగానే నక్క కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని, "నోరు పుక్కిలించి రా. తర్వాత మాట్లాడు" అనేది. కోడిపిల్ల వెళ్లి పుక్కిలించి వచ్చి మళ్లీ "కొక్" అనేది. ఒక్క మాట ఎక్కువ వేయలేదు ఖాలా. ఆ గొంతు ఎవరిదో మా బడి పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. ముందు నవ్వలేదు వాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన నవ్వు సందు చివరిదాకా వినిపించింది.

మూడో రోజు టెంటు కింద సారు మళ్లీ లేచి "అక్కలారా, అన్నలారా" అన్నాడో లేదో, ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఒకే గొంతుతో అరిచారు. "నోరు పుక్కిలించి రా సారూ! తర్వాత మాట్లాడు!" పెద్దలకు ముందు అర్థం కాలేదు. ఒక తల్లి తన పిల్లను అడిగింది, ఆ పిల్ల చెప్పింది. ఆ తల్లి పక్కామెకు చెప్పింది. సారు మైకు పట్టుకుని నిలబడే ఉన్నాడు. నా జీవితంలో అంత తియ్యటి దృశ్యం ఇంకోటి చూడలేదు. అబద్ధమెందుకు, ఇప్పటికీ తలుచుకుని కడుపునిండా నవ్వుకుంటాను. ఆ నవ్వుకు మూల్యం ఖాలా కట్టిందని గుర్తొచ్చే వరకు.

ఆ తర్వాతి బంద్ రోజు కొందరు కుర్రాళ్లు ఖాలా దుకాణం మీదికి వచ్చారు. షట్టరు సగం దించి ఉంది. లోపల మేం అయిదారుగురం పిల్లలం.

"బంద్ నాడు దుకాణం తెరుస్తవా? అందుల మొత్తం ఆంధ్ర సరుకు!"

"మొన్న రోడ్డు మీద మీకు అన్నం పెట్టింది నేనే గదరా" అంది ఖాలా. ఒకడు తల దించుకున్నాడు. తల దించుకునే బ్యాగుల కట్ట భుజానికెత్తుకున్నాడు. టీవీని ఇద్దరు మోసుకెళ్లి రోడ్డు మీద పడేశారు. దాని మీద బ్యాగులు, సీసాలు, చెప్పులు కుప్ప పోసి అంటించారు. రెక్సిన్ నల్లటి పొగ వేసింది. పిల్లులూ ఎలుకలూ ముడుచుకుపోయాయి. ఎదురుగా పాన్‌డబ్బా దగ్గర సారు నిలబడి చూస్తున్నాడు. చేతులు కట్టుకుని, బడిలో కుళాయి వైపు చూసినట్టే.

ఖాలా రోడ్డు దాటి ఆయన దగ్గరికి వెళ్లింది. కుర్రాళ్లు కూడా ఆగారు, తిడుతుందేమోనని. ఆమె తిట్టలేదు.

"నీ మాట నీకు చేరింది గదా సారూ. నాకు గంతే కావాలె" అంది. వెనక్కి వచ్చి షట్టరు కిందికి లాగింది.

అది మళ్లీ లేవలేదు. వారం తర్వాత భూపాలపల్లిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ నన్ను పిలిచి కత్తెర చేతికిచ్చింది. నావల్లే ఇదంతా అని ఏడిస్తే కసిరింది. "ఏడువకు. ఇల్లు తప్పలే గదా! గది చాలు. ఆడు రేపు ఇంకో మాటంటడు. యాద్ పెట్టుకో. ఎప్పటికన్న ఆనికియ్యాలె." నేను ఆమెను మళ్లీ చూడలేదు. వెళ్తాను వెళ్తానని వెళ్లలేదు. ఆ తప్పు మాత్రం ఇంకెవరి ఇంటికీ పంపలేను, అది నాదే.

లెక్కల మేడం సమ్మె సెలవులకు ఊరెళ్లి తిరిగి రాలేదు. నా సీటు పోలేదు. బడి తెరిచాక సారు ఎవరినీ కుళాయికి పంపలేదు. యాసకు గౌరవం వచ్చింది కదా, ఆయనే తరగతిలో "గిట్ల", "గట్ల" అనసాగాడు, అదీ సినిమా గొంతుతోనే. రాష్ట్రం వచ్చాక భాషను కాపాడినందుకు సన్మానాలు మొదలయ్యాయి. ఖాలా దుకాణం ఉన్నచోట ఫోన్ల దుకాణం వచ్చింది. నేను కష్టపడి ఈ పనిలోకి వచ్చాను. ఇక్కడ మొదట నాకిచ్చిన పాత్ర ఏమిటనుకున్నారు? గాడిద. "మీకు ఆ స్లాంగ్ బాగా వస్తుంది కదా" అన్నారు. చెయ్యనన్నాను. రెండు నెలలు పని లేదు. తర్వాత కోడిపిల్లలిచ్చారు.

ఖాలా పోయిన పదో రోజున ఫోను మోగింది. కొత్త నెంబరు.

"ఏం బిడ్డా, గుర్తు పట్టినవా? నీ తెలుగు సార్‌ను." గొంతులో తేనె. నేను కార్టూన్లలో మాట్లాడతానని ఎవరో చెప్పారట. మనుమడు ఆ కోడిపిల్ల అంటే ప్రాణం పెడతాడట. బడిలో పాత విద్యార్థుల సభ పెడుతున్నారు, నేను ముఖ్య అతిథిగా రావాలి, మాతృభాష గురించి నాలుగు మాటలు చెప్పాలి. "నీ నోట్లకెళ్లి మన భాష వస్తుంటె నాకెంత గర్వమో తెల్సా? నీకు పునాది వేసిందే నేను గద!"

చేతిలో కత్తెర లేదు కానీ ఉన్నట్టే అనిపించింది.

"బాబు అక్కడున్నాడా సార్?" అని అడిగాను.

"ఈడనే ఉన్నడు. ఆగు, ఆనికి కూడ వినిపియ్యాలె, స్పీకర్ పెడుత. బిడ్డా, కోడిపిల్ల లెక్క ఏదన్న అను!"

ముందు "కొక్" అన్నాను. పిల్లవాడు కేరింతలు కొట్టాడు. "ఇంకోటి! ఇంకోటి!" అన్నాడు. "ఇప్పుడు నక్క మాట్లాడుతుంది, విను" అన్నాను. గొంతు సవరించుకున్నాను. పదేళ్లకు పైగా నా లోపల ఉన్న గొంతు అది, కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. ఒక్క ముక్క ఎక్కువ వేయలేదు.

"నోరు పుక్కిలించి రా. తర్వాత మాట్లాడు."

పిల్లవాడు పకపకా నవ్వాడు. "తాతా, నీ లెక్కనే ఉంది గొంతు! తాతా, పో, నోరు పుక్కిలించి రా! తర్వాత మాట్లాడు!" అని అంటూనే ఉన్నాడు. గది చుట్టూ పరుగెత్తుతున్నట్టున్నాడు, మాట ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది. సారు నుంచి ఒక్క మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను ఫోను పెట్టేయలేదు, చాలాసేపు అలాగే పట్టుకున్నాను. చివరికి ఆయనే పెట్టేశాడు.

ఈసారి కూడా ఇల్లు తప్పలేదు ఖాలా.